బడిలో మంద పండబెట్టిన రోజు

బడికి మేలు చేద్దామని బయలుదేరి, తెల్లారేసరికి ఆ బడిని గొర్రెల దొడ్డి చేసిపెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఇది రాస్తున్నవాడే ఆయన. జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ పిల్లలుండే వేళ బడి గేటు ముందు నుంచి పోవాల్సి వస్తే నా బండి దానంతటదే వేగం అందుకుంటుంది. మీరు నవ్వుకోండి, నవ్వడానికే చెప్తున్నాను. చివర్లో ఒకచోట మాత్రం నాకు నవ్వు రాదు. అక్కడ నన్ను బలవంతపెట్టకండి.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. శింగనమల వైపు మా ఊరి బస్సు ఆగే చోట జిరాక్సు, మొబైల్ రీచార్జి అంగడి పెట్టుకున్నాను. వృక్షశాస్త్రంలో డిగ్రీ కూడా ఉంది. ఆ డిగ్రీ వల్ల నాకు ఒరిగిందేమిటంటే, ఊళ్ళో ఎవరి టమాటాకు తెగులొచ్చినా ఒక ఆకు తెంపుకొచ్చి నా అంగట్లో గాజు బల్ల మీద పెట్టేవాళ్ళు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, గంభీరంగా తల ఊపి, "ఇది ఫంగస్" అనేవాణ్ణి. ఏ ఆకు తెచ్చినా అదే మాట. ఒకసారి మా అమ్మ ఎండిన కరివేపాకు చూపిస్తే కూడా అలాగే అన్నాను. అంత జ్ఞానం తలలో పెట్టుకుని ఊరికి ఏమీ చేయకుండా ఎలా ఉంటాం చెప్పండి? బడి కమిటీలో చేరాను.

ఇది సర్కారు కాగితాల్లో ఉండే కమిటీ కాదు. మాకు కుర్చీల్లేవు, రబ్బరు స్టాంపు లేదు. ఆదివారం పొద్దున బడి వరండాలో బండల మీద కూర్చుంటాం. మా ఊరి బడినీ, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న చిన్న బడులనూ చూసుకుంటాం. బోరు ఎండితే ట్యాంకరు తోలించాలి. కారే కుళాయిలకు వాషర్లు వేయాలి. బడి మానేసిన పిల్లల ఇంటికి పోయి, వాళ్ళ నాయన విసుగుపుట్టి "సరేలేప్పా, పంపిస్తా పో" అనేదాకా కదలకుండా కూర్చోవాలి. వేరుశనగ నూర్చే రోజుల్లో కళ్ళం కళ్ళానికీ తిరిగి ఇంటికొక గంప కాయలు అడుగుతాం. సాయంత్రం పూట అవే ఉడకబెట్టి పిల్లలకు పెడతాం. వానలు లేక కాయ రాని సంవత్సరం కూడా గంప పట్టుకుని తిరగడం మానం. ఖాళీ గంపతో వెనక్కొచ్చినా, అడిగే అలవాటు తప్పకూడదని మా పెద్దమనిషి నాగిరెడ్డి మామ పట్టు.

ఈ నాగిరెడ్డి మామది చెనక్కాయల సేద్యం, అదే వేరుశనగ. కమిటీకి ఆయన పెట్టిన చట్టం ఒకటే.

"ఈడ ఎవురూ ఒంటిగా ఏమీ చేయగూడదప్పా. మంచి పనైనా సరే, నలుగురికీ చెప్పి చేయల్ల. చెడిపోతే నలుగురం కలిసి తిట్లు తినొచ్చు."

నేను చేరిన రోజు ఆ మాట విని గంభీరంగా తల ఊపాను. టమాటా ఆకు చూసి ఊపినట్టే.

ఆ యేడు పెద్ద కబురొకటి వచ్చింది. మా బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు తీసేసి, వానొస్తే పొంగి పారే వంక అవతల ఉన్న పెద్ద ఊరి బడిలో కలుపుతారట. ముందు ఒక ఆఫీసరమ్మ వచ్చి మా బడి చూస్తుందట. పిల్లలు వస్తున్నారా, బడి బాగుందా, ఊరు పట్టించుకుంటోందా అని చూసుకుని పోయి పైవాళ్ళకు చెబుతుందట. ఆదివారం అందరం వరండాలో కూడాం. హెడ్మాస్టరు సరోజ టీచరు, మధ్యాహ్నం భోజనం వండే లక్ష్మీదేవక్క, నాగిరెడ్డి మామ, నేను. అప్పుడు గేటు దగ్గర చెప్పులు విడిచి ఓబులేసు లోపలికి వచ్చాడు.

ఓబులేసుది గొర్రెల మంద. పంటలు అయిపోగానే భార్యతో కలిసి మందను తోలుకుని కాలువ నీళ్ళున్న ఊళ్ళకు పోతాడు. మళ్ళీ తొలకరికి గానీ రాడు. వాళ్ళ కూతురు మా బడిలో ఏడో తరగతి.

"కూసో ఓబులేసూ, ఏమి ఇట్లొచ్చినావు?" అన్నాడు మామ.

ఆయన కూర్చోలేదు. "బడి తీసేస్తారంట గదన్నా. మేము మందెంబడి పోతే బిడ్డను అవ్వ దగ్గర ఇడిసిపెట్టి పోతాండాం. ఈడే బడి ఉండాదని ధైర్యం. వంక దాటి పోవల్లంటే ముసిల్ది యట్ల పంపుతాది? ఇంగ మా ఎంబడే పిలుసుకోని పోవల్ల. గొర్లెంబడి తిరిగితే సదువేముంటాది?"

వంక దాటలేక చదువు మానే ఆడపిల్లలు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారని అందరికీ తెలుసు.

"ఆ మాట రానీంలే," అన్నాడు మామ. "ఆయమ్మ వచ్చే పొద్దుకు మన బడి పెండ్లిల్లు మాదిరి ఉండల్ల."

పనులు పంచుకున్నాం. టీచరూ పిల్లలూ గోడలకు చార్టులు అంటించాలి. లక్ష్మీదేవక్క వంటగది, గిన్నెలు చూసుకోవాలి. తలుపులకు రంగు వేయించే పని నాది. బడి వెనక పెరటి తోట కూడా నాదే. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. వానలేని నేలలో పెన్సిలంత ఎత్తుకు పెరిగి, ఇంక పెరగడం దండగని ఆగిపోయిన వంకాయ మొక్కలు.

"తోట సంగతి ఏం చేద్దాం శివా? ఆమె తోటలు బాగా చూస్తారంట," అంది సరోజ టీచరు దిగులుగా.

"నాకు ఇడిసిపెట్టండి మేడం," అన్నాను. ఆ ముక్క వినగానే నాగిరెడ్డి మామ నా వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపును నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఆఫీసరమ్మ రావడానికి ముందు రోజు తలుపులకు రంగు అయిపోయింది. ముదురాకుపచ్చ. పెయింటరు పోతూ పోతూ, "తెల్లార్లూ తెరిసే ఉండల్లన్నా, మూసినావంటే అతుక్కుంటాయి," అన్నాడు. తరగతి తలుపులన్నీ బార్లా తెరిచి, మూసుకోకుండా ఒక్కోదానికి ఒక్కో ఇటుక అడ్డం పెట్టాను. గదుల్లో గోడల నిండా చార్టులు. మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేసి అంటించారు. పిల్లల కళ్ళకు అందే ఎత్తులోనే ఉండాలని టీచరు పట్టుబట్టి మరీ కిందికి అంటించింది. పిల్లల కళ్ళ ఎత్తూ గొర్రె మూతి ఎత్తూ ఇంచుమించు ఒకటేనన్న సంగతి డిగ్రీలో ఎవరూ నాకు చెప్పలేదు.

సాయంత్రం పోయి తోట ముందు నిలబడ్డాను. తెల్లగా పెళుసుబారిన మట్టి. సరిగ్గా అప్పుడే ఓబులేసు మంద దుమ్ము రేపుకుంటూ బడి పక్క బాట మీద వస్తోంది. నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపాన్ని ఎవరైనా అప్పుడే ఊదేసి ఉంటే ఎంత బాగుండేదో!

మా పక్క సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పంట తీసిన పొలంలో రాత్రిపూట గొర్రెల మందను పండబెట్టుకోవడం ఇక్కడి రైతులకు ఆనవాయితీ. తెల్లారేసరికి నేలంతా పెంటికలతో నిండిపోతుంది. అంతకు మించిన ఎరువు లేదు. దానికి బదులుగా మంద కాపరికి గింజలిస్తారు. మంద మాకంటే మాకని పోటీలు పడతారు.

"ఓబులేసన్నా, ఈ రాత్రికి మంద యాడ పండబెడతాండావు?"

"వంక పక్క సేన్లో. రేపు పొద్దున్నే కాలవ పక్కకు పోతాండాం. ఎందుకు సారూ?"

"ఈ రాత్రికి బడిలో పండబెట్టు."

ఆయన నా ముఖం కేసి, బడి కేసి మార్చి మార్చి చూశాడు. "బడిలోనా?"

"తోటకన్నా! రేపు ఆఫీసరమ్మ వస్తాది. నల్లగ బలమైన మట్టి చూస్తే ఆయమ్మ కండ్లు తిరగల్ల."

"ఒగ రాత్రికే మట్టి నల్లగ అవుతాదా సారూ?"

"నేను సదివినా గదన్నా!"

"కమిటీవోళ్ళకు తెలుసు గదా?"

ఇదిగో, మామ చట్టం గుర్తు రావాల్సిన చోటు ఇదే. నలుగురికీ చెబితే పని నలుగురిదీ అవుతుంది. రేపు తోట చూసి అందరూ నోళ్ళు తెరిచినప్పుడు, ఆ మెచ్చుకోలు నా ఒక్కడికే రావాలని నా ఆశ. "అందరికీ తెలుసు," అన్నాను. ఏ తడబాటూ లేకుండా అన్నాను.

"వలలన్నీ అప్పుడే ట్రాలీలో ఆ సేనికి పంపించినాం సారూ. సుట్టూ కట్టేకి లేవు."

"వలెందుకన్నా, సుట్టూ గోడ ఉండాదే! గేటేస్తే సాలు."

"అదీ నిజమేలే." ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. "దీనికి గింజలేమీ వద్దు సారూ. నా బిడ్డ సదివే బడి."

వెనక గేటు తీసి మందను లోపలికి తోలి, గేటు వేసి, ఓబులేసు బయట కంబళి పరుచుకున్నాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్న సంగతి ఆయనకు తెలియదు, అవి ఉండేది అవతలి పక్క. తెలిసిన నేనేమో ఇంటికి పోయి, రేపటికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని సుఖంగా నిద్రపోయాను.

తెల్లవారుతుండగా ఫోను మోగింది.

"సారూ, జీవాలు తోటలో లేవు."

"మరి యాడ ఉండాయన్నా?"

"తరగతుల్లో."

తెల్ల చొక్కా తొడుక్కుంటూనే పరిగెత్తాను. ఆరో తరగతి నిండిపోయింది. ఏడు నిండిపోయింది. ఎనిమిదిలో చోటు లేక కొన్ని వరండాలో నిలబడ్డాయి. అంత హాజరు ఆ బడి పుట్టినప్పటి నుంచీ లేదు. ఏడో తరగతిలో టీచరు బల్ల మీద ఒక మేక నిలబడి క్లాసు వైపు చూస్తోంది. మైదా జిగురు రుచికి చార్టులన్నీ మేసేశాయి. ప్రపంచ పటంలో ఆస్ట్రేలియా లేదు, ఆఫ్రికా సగమే ఉంది. మన దేశం కాస్త ఎత్తులో ఉండబట్టి బతికిపోయింది, కన్యాకుమారి మాత్రం దక్కలేదు. తడి తలుపులకు ఒళ్ళు రుద్దుకుని గొర్రెలన్నీ పచ్చ చారలు వేసుకున్నాయి. తలుపులకేమో బొచ్చు మొలిచింది.

తోటలోకి పరిగెత్తాను. వంకాయ మొక్కలు ఒక్కటీ లేవు. రాగానే వాటితో భోజనం కానిచ్చి, గుంపుగా చదువుకు పోయాయన్నమాట. నేను ఏ తోట కోసం ఇంత చేశానో ఆ తోటలో పెంటికలు మచ్చుకైనా లేవు. అన్నీ తరగతి గదుల్లో, బండల మీద, బెంచీల కింద.

"సారూ, తలుపులు తెరిసిండాయని సెప్పలేదే!" అన్నాడు ఓబులేసు, పచ్చగా మారిన పొట్టేలును బయటికి లాగుతూ. నా చొక్కా వీపు అప్పటికే తలుపుకు అంటుకుని ఉంది.

ఆయన ప్రయాణం మానుకుని చీపురు అందుకున్నాడు. లక్ష్మీదేవక్క వచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమప్పా ఇది! నేను ఈడ అన్నం వండేదెట్ల?" అంటూనే కొంగు బిగించింది. సరోజ టీచరు సగం తినేసిన ఆఫ్రికా ముందు నిలబడి ఏడ్చేసింది. పిల్లలు వారం రోజులు కష్టపడి గీసినవి అవి. నాగిరెడ్డి మామ వచ్చాడు, ఊరంతా వచ్చింది. ఎవరు చేశారని అడిగే తీరిక ఎవరికీ లేదు. తల్లులు, తండ్రులు, చివరికి నా అంగడి పక్క టీకొట్టాయన కూడా చీపుర్లు పట్టుకున్నారు. ఊడ్చిన పెంటికలు గంపలకెత్తి తోటలో పోస్తున్నారు. వేరుశనగ కాయలు అడుక్కునే గంపలే అవి.

ఆఫీసరమ్మ పదకొండుకు రావాలి. ఆమె తొమ్మిదికే జీపు దిగింది.

నడివయసు మనిషి. గేటు దగ్గర నిలబడి, పచ్చ గొర్రెలనూ, బొచ్చు తలుపులనూ, గంపలెత్తుకుని పరిగెడుతున్న ఊరినీ ఒక చుట్టు చూసింది.

"ఏమిది?" అంది. "బడిలోకి జీవాల్ని ఎవరు తోలినారు?"

చీపుర్లన్నీ ఆగాయి. నేను ఎనిమిదో తరగతి తలుపు పక్కన ఉన్నాను. ఒక్క అడుగు వేస్తే ఆమె ఎదుట ఉంటాను. వేయలేదు. తలుపు వెనక్కి, ఇంకొంచెం నీడలోకి జరిగాను.

ఓబులేసు చీపురు కింద పెట్టి ముందుకు పోయాడు. "నేనే మేడం. రాత్రి నా జీవాలు తప్పి లోపలికొచ్చినాయి. నన్నేమన్నా అనండి, బడినేమీ అనొద్దండి. నా బిడ్డ ఈడే సదువుతాండాది."

నాకు నవ్వు రాదని మొదట్లో చెప్పానే, ఆ చోటు ఇదే. ఆయన అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. నన్ను వేలెత్తి చూపిస్తే సరిపోయేది. నోరు తెరవాల్సింది నేను. తలుపు సందులోంచి ఆయన వంగిన వీపు కనిపిస్తూ ఉంటే కూడా నేను తెరవలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆఫీసరమ్మ ఓబులేసును ఏమీ అనలేదు. లక్ష్మీదేవక్క నెత్తి మీద గంప చూసి, "ఇది యాడికి?" అంది.

"తోటకు మేడం," అంది లక్ష్మీదేవక్క, వేరే ఏం చెప్పాలో తెలియక.

ఆమె తోట దాకా నడిచింది. మేమంతా వెనకే. అప్పటికే అక్కడ జానెడు మందాన పెంటికలు పరుచుకుని ఉన్నాయి. ఆమె వంగి పిడికెడు తీసి చూసింది. ముఖం విప్పారింది.

"మాది గుమ్మఘట్ట పక్క. మంద పండబెట్టించుకునేకి మా నాయన ఎంత తిరిగేవాడో! ఇంత ఎరువు పడితే ఈ తోట ఆగుతుందా? గొర్రెలు తప్పి వస్తే ఇంత పద్ధతిగా తోటకు మోస్తారా? తోట కోసమే పెట్టించినట్ల ఉండారే. మంచి బుర్ర. ఎవరిదీ ఆలోచన?"

"నాదే మేడం!"

ఆ గొంతు ఎవరిదా అని నేను కూడా చుట్టూ చూశాను. నాదే. చెయ్యి కూడా ఎత్తి ఉంది, క్లాసులో పిల్లవాడిలా. అంతసేపూ తలుపు వెనక మూగబోయిన నోరు, పొగడ్త వాసన తగలగానే తనంతట తాను తెరుచుకుంది.

ఎక్కడో ఒక గొర్రె అరిచింది. ఊరంతా నా వైపు తిరిగింది. నాగిరెడ్డి మామ మాత్రం ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"నీదా?" అంది ఆఫీసరమ్మ. "మరి జీవాలు తప్పి వచ్చినాయని ఇందాక ఈయన ఎందుకు చెప్పె?"

ఇక దాక్కోవడానికి తలుపు లేదు. అంతా చెప్పాను. కమిటీకి చెప్పకపోవడం, అందరికీ తెలుసని ఓబులేసుతో అబద్ధమాడటం, తలుపులకు ఇటుకలు పెట్టడం, అన్నీ. చెబుతూ ఉంటే టీచరు ముఖం చూడలేకపోయాను. ఓబులేసు కాలి బొటనవేలితో మట్టి గీరుతూ నిలబడ్డాడు. ఆయనకే నా మీద జాలి కలిగినట్టుంది.

"మెచ్చుకుంటే అంత తొందరగా తెరుచుకునిన నోరు, ఇందాక తప్పెవరిదంటే యాడ పోయిండె?" అంది ఆమె. ఫంగస్ అనలేను కదా.

ఆమె వెనక్కి తిరిగి బడిని ఇంకోసారి చూసింది. చీపుర్లు, గంపలు, చెమటలు కారుతున్న తల్లులు, తండ్రులు.

"ఊరికి ఊరే పొద్దున్నే బడి ఊడుస్తాంటే నేను యాడా చూడలేదు," అంది నాగిరెడ్డి మామతో. "ఈ ఊళ్ళో గొర్రెలే బడికొస్తాండాయి. పిల్లల్ని ఇంకో ఊరికి పొమ్మని యట్ల చెప్పేది? నేను చూసింది చూసినట్ల పైన చెప్తాను."

ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ తరగతులు మాత్రం కదల్లేదు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కమిటీ పుణ్యమా, ఆమె పుణ్యమా, గొర్రెల పుణ్యమా అని ఊళ్ళో వాదించుకుంటారు. నా పుణ్యం అని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున మంద బయలుదేరుతుంటే బాట మీదికి పోయి ఓబులేసు ముందు నిలబడ్డాను. రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"తప్పయిపోయిందన్నా," అన్నాను.

ఆయన కర్ర భుజం మీదికి మార్చుకున్నాడు. "గొర్లు నాయి, ఆలోచన నీది సారూ. తిట్లు ఇద్దరం సగం సగం పంచుకోవాల్సింది. నువ్వు పోనీలే పాపమని అన్నీ నాకే ఇడిసిపెడితివి." నవ్వుతూనే అన్నాడు. అరిచి ఉంటే నాకు అంత బాధగా ఉండేది కాదు. తర్వాత ఆయన కూతురు బడిలో ఉందా అని దారి పొడవునా వెనక్కి చూసుకుంటూ పోయాడు.

ఆ యేడు ఆయన పోయిన ఊరల్లా పచ్చ చారల గొర్రెలను చూసి, "ఇవి యాడి జీవాలప్పా?" అని అడిగారట. "బడికి పోయొచ్చినాయి," అని చెప్పుకున్నాడట. వానలకు తోటలో మళ్ళీ నాటిన వంకాయలు మాత్రం నిగనిగలాడుతూ కాశాయి. లక్ష్మీదేవక్క పిల్లలకు కూర వడ్డిస్తూ, "తినండి నాయనా, శివన్న చేసిన పనికి కాసినాయి," అనేది. ఆ మాట వినగానే నేను కుళాయిల వాషర్లు చూడటానికి లేచిపోయేవాణ్ణి.

కమిటీ నన్ను తీసేయలేదు. నాగిరెడ్డి మామ తర్వాతి ఆదివారం చట్టానికి చిన్న సవరణ చేశాడు. "ఎవురన్నా ఒంటిగా చేస్తే చేయొచ్చు, శివ మాత్రం చేయగూడదు." బడి తలుపులు రోజూ సాయంత్రం మూసే పని కూడా నాకే అప్పగించారు. ఈ రోజు కూడా మూసే వచ్చాను.

కాబట్టి, ఆ మందలోని సమస్త గొర్రెల సాక్షిగా, బల్లెక్కిన మేక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బడికి ఏ మేలు తలపెట్టినా ముందు నలుగురికీ చెబుతాను. ముందు తలుపులు మూస్తాను. ఇది ఎవరి పని అని ఎవరైనా అడిగితే, తిట్టడానికి అడుగుతున్నారో మెచ్చుకోవడానికి అడుగుతున్నారో తేలకముందే చెయ్యెత్తుతాను.